సెలవు పెట్టిన కుర్చీకి ఇరవై ఆరు అభిప్రాయాలు

ఆమెను అందరూ అట్టలమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గానీ, అక్కడి నుంచి బయటికొచ్చి తిరిగిన దాఖలాలు లేవు. ముప్ఫై నాలుగేళ్ళుగా లైబ్రరీ వెనక గదిలో కూర్చుని, జనం చింపి, నలిపి, టీ ఒలకబోసి తెచ్చిన పుస్తకాలను మళ్ళీ నలుగురిలో తిరిగేలా చేయడం ఆమె పని. కుట్లు ఊడితే కుడుతుంది, వీపు విరిగితే బట్ట అంటిస్తుంది, పిండి జిగురుకు పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలుపుతుంది. “ఆ చేత్తోనే అన్నం తింటారా అమ్మా?” అని అటెండరు వేళాకోళం చేస్తే, “తినబట్టేగా ఇన్నేళ్ళూ నాకు పురుగు పట్టలేదు” అంటుంది. మాట కరుకు. మనిషి ఎలాంటిదో చెప్పే పని నేను పెట్టుకోను, విన్నాక మీరే తేల్చుకోండి.

మధ్యాహ్నం మూడింటికి ఆ గది చుట్టుపక్కల పురుగు కూడా కదలదు. చదువరుల హాలులో ఇద్దరు ముగ్గురు పేపరు మొహాన కప్పుకుని కునుకు తీస్తుంటారు. అటెండరు టీకి పోతాడు. సరిగ్గా అప్పుడే ఆమె బల్లకు ఎదురుగా ఉన్న ఎత్తు స్టూలు కిర్రుమంటుంది. ఆమె తలెత్తదు. సూదిలోకి దారం ఎక్కిస్తూనే ఉంటుంది.

“చదివావా అక్కా?”

తమ్ముడి గొంతు. తమ్ముడు పోయి పదకొండేళ్ళు.

“ఎలా ఉంది?”

దెయ్యమన్నాక అర్ధరాత్రి రావాలి, జుట్టు విరబోసుకోవాలి, ఏమీ లేకపోతే కాస్త భయమైనా పెట్టాలి. ఇతగాడికి ఆ మర్యాదలేవీ తెలియవు. పట్టపగలు, చొక్కా జేబులో రెండు పెన్నులతో, పరీక్ష ఫలితాల కోసం వచ్చిన కుర్రాడిలా వచ్చి కూర్చుంటాడు. అడిగేది ఒకే ఒక్క ప్రశ్న. అట్టలమ్మకు మాత్రం ఆ ప్రశ్న వినబడగానే వేళ్ళ చివర్లు చల్లబడిపోతాయి. సూది రెండుసార్లు గుచ్చుకుంటుంది. కాసేపటికి స్టూలు మళ్ళీ కిర్రుమంటుంది, అతను లేచి వెళ్ళిపోతాడు, ఆమె వేలు నోట్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోతుంది.

వాడు ఆమెకంటే తొమ్మిదేళ్ళు చిన్న. తల్లి తొందరగా పోవడంతో ముక్కు తుడిచిన దగ్గర్నుంచి ఉద్యోగంలో చేర్పించిందాకా అక్కే. నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం. ఇంటింటికీ తిరిగి, గోడ పక్కన గుంటలోకి వంగి, అంకెలు రాసుకోవాలి. పగలంతా వంగి వంగి, సాయంత్రం కాగానే కథలు రాసేవాడు. రాసిన ప్రతి ముక్కా అక్కకు చదివి వినిపించబోయేవాడు. “నాకు పుస్తకాలు బయటి నుంచే తెలుసురా, లోపల ఏముంటుందో నన్నడక్కు” అని ఆమె తప్పించుకునేది. మిఠాయి కొట్టువాడికి తీపి మొహం మొత్తినట్టు, ఆమెకు అచ్చు కాగితమంటేనే మొహం మొత్తిపోయింది.

చివరికి ఒక చిన్న నవల పూర్తి చేశాడు. అరవై నాలుగు పేజీలు. పేరు ‘సెలవు పెట్టిన కుర్చీ’. ఒక ఆఫీసులో ఇరవై ఏళ్ళు గుమాస్తాల బరువు మోసిన కుర్చీ, ఒకరోజు సెలవు చీటీ రాసి బల్లమీద పెట్టి, తను కూడా ఒక్కసారి ఎక్కడైనా కూర్చోవాలని బయల్దేరుతుంది. ఊరంతా తిరుగుతుంది. ఎవరూ చోటివ్వరు. నవ్వించడానికి రాసిన కథ, లోపల పెద్ద వేదాంతమేమీ లేదు. మారుపేరుతో అచ్చువేయించాడు, ఆఫీసులో తెలిస్తే కుర్చీ కింద మంట పెడతారని.

పదహారేసి పేజీలు పట్టే పెద్ద కాగితాలు, ఫారాలంటారు వాటిని, అచ్చయి మడతలు పడిన రోజునే, అంచులు కోయించకుండా, ఒక్క కాపీని కుట్టించి లైబ్రరీకి పట్టుకొచ్చాడు. “కటింగ్ మిషన్‌కి వెళ్ళకముందే మొదటి కాపీ నీకే అక్కా. నువ్వు ఎలా ఉందో చెప్పాకే మిగతావి బైండింగుకి ఇస్తాను.” ఆమె సరేనని తీసుకుని, అంచులు కోయాల్సిన పాఠ్యపుస్తకాల దొంతర మీద పెట్టింది. మర్నాడు దానిమీద ఇంకో దొంతర పడింది.

పది రోజులాగి మళ్ళీ ఆ గదికి వచ్చాడు. “చదివావా అక్కా? ఎలా ఉంది?”

“చదివాన్రా. భలే ఉంది. ముఖ్యంగా చివర్లో, అదిరిపోయింది.”

వాడు మురిసిపోయి దొంతరలోంచి పుస్తకం లాగాడు. బొటనవేలితో అంచు నిమిరాడు. మడతలు మడతలుగానే ఉన్నాయి. చాకుతో కోస్తే తప్ప తెరుచుకోని పేజీలు, ఒక్కటీ తెరుచుకోలేదు. మడిచిన ఫారానికి పైపేజీ, అడుగుపేజీ బయటికి కనిపిస్తాయి. ఆమె చూసింది ఆ అడుగుపేజీ ఒక్కటే, అందుకే చివర బాగుందంది. లోకంలో ఇంకెవరైనా ఈ అబద్ధం ఆడి ఉంటే దొరికేవాళ్ళు కాదేమో. అప్పటికే ఇరవై ఏళ్ళకు పైగా అంచులు కోసిన మనిషి అంచు సంగతే మరిచిపోయింది.

వాడు పుస్తకాన్ని తీసినచోటే పెట్టి, “సరే అక్కా” అని నవ్వాడు. ఆ నవ్వు ఆమె ఒంట్లో ఇప్పటికీ ముల్లులా ఉంది. తిట్టినా బాగుండేది. మూడు వారాల తర్వాత, ఎవరి ఇంటి మెట్లమీదో, మీటరు పుస్తకం చేతిలో ఉండగానే కుప్పకూలాడు. గుండెపోటు. నలభై ఏళ్ళు కూడా నిండలేదు.

ప్రెస్సులో మిగిలిన ఫారాలు కట్టలు విప్పకుండానే చెదలుపట్టిపోయాయి. లోకంలో ఆ పుస్తకం ఒక్క కాపీయే మిగిలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అంతా అయ్యాక ఆమె చాకు తీసుకుని అంచులు కోసింది. చదివింది. చదివిందంటే, ప్రతి వాక్యంలోనూ వాడి గొంతు వెతుక్కుంది. కుర్చీ ఎక్కడికెళ్ళిందో, ఏం చేసిందో తలకెక్కలేదు. ఎన్నిసార్లు చదివినా అంతే. ఇంట్లో ఉంటే అది తననే చూస్తున్నట్టుండేది. నీలం బట్టతో గట్టి అట్ట కట్టి, ఎవరో లైబ్రరీకి ఇచ్చిన పుస్తకాల మధ్య దూర్చేసింది. పాత లైబ్రేరియన్ గారు నంబరు వేసి అలమరాలో పెట్టించారు.

ఆ లైబ్రరీలో ఒక పద్ధతుంది. ప్రతి పుస్తకం చివర ‘పాఠకుల అభిప్రాయం’ అని ఒక తెల్లకాగితం అంటిస్తారు. చదివినవాళ్ళు తేదీ వేసి రెండు ముక్కలు రాయొచ్చు, పేరు అక్కర్లేదు. కాగితం నిండితే కొత్తది అంటించేది అట్టలమ్మ. ఏటా ఒకసారి ఏరివేత జరుగుతుంది. రెండేళ్ళుగా ఒక్క అభిప్రాయమూ పడని పుస్తకాన్ని తీసేస్తారు. తీసేసినవి చివరికి వచ్చేది ఆమె బల్లమీదికే. అట్టలు ఒలిచి దాచాలి, ఇంకో పుస్తకానికి పనికొస్తాయి. లోపలి కాగితం తూకానికి పోతుంది. ఎన్ని వందల పుస్తకాలకు ఆ పని చేసిందో ఆమెకే లెక్క లేదు. తమ్ముడి పుస్తకాన్ని తన చేత్తోనే ఒలవాల్సి వస్తుందని తట్టిన రోజున చేతిలోని చాకు పక్కన పెట్టేసింది.

ఆ మధ్యాహ్నమే మొదటి దొంగ అభిప్రాయం రాసింది. ఆకుపచ్చ సిరాతో, సైన్యంలో పనిచేసొచ్చిన ముసలాయనలా: “అద్భుతం. అందరూ చదవదగినది.” కొన్ని నెలలకు కొత్తగా పెళ్ళైన అమ్మాయిలా, గుండ్రటి అక్షరాలతో: “ఎంత బాగుందో చెప్పలేను.” ఆ తర్వాత ఎడమచేత్తో ఏడో తరగతి పిల్లలా. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, ఏళ్ళ తరబడి ఇరవై ఆరు రాసినా ఎవరూ పట్టలేదు. రాసిన ప్రతిసారీ స్టూలువైపు చూసేది. చూడరా, నీ పుస్తకానికి ఎంతమందో అని మనసులోనే అనుకునేది. వాడు ఆ కాగితంవైపు కన్నెత్తి చూసేవాడు కాదు. “నువ్వు చదివావా అక్కా?” అనేవాడు, అంతే.

ఈ యేడు కొత్త లైబ్రేరియన్ వచ్చింది. పడుచుపిల్ల, కళ్ళజోడు, ఏ కాగితమూ చూడకుండా సంతకం పెట్టని రకం. ఏరివేతకు జాబితా తయారుచేస్తూ, పుస్తకాల ముందు తేదీల స్టాంపులూ, వెనక అభిప్రాయాలూ పక్కపక్కన పెట్టి చూసింది. ‘సెలవు పెట్టిన కుర్చీ’ని పదకొండేళ్ళలో ఇంటికి తీసుకెళ్ళినవాళ్ళు ఏడుగురు. అభిప్రాయాలు ఇరవై ఆరు.

“మిగతా పంతొమ్మిదీ ఎవరు రాశారు?” అని హాలులో నిలబడి అడిగింది.

“ఇంకెవరు మేడం?” అన్నాడు అటెండరు, అడగడమే ఆలస్యమన్నట్టు. “రాసినాయన పోయుంటాడు. పాపం ఎవరూ చదవట్లేదని తనే వచ్చి తనే రాసుకుంటున్నాడు. మధ్యాహ్నం పూట వెనక గదిలో స్టూలు దానంతటదే కిర్రుమనడం నేను చెవులారా విన్నాను.”

వెనక గదిలో అట్టలమ్మ చేతిలోని జిగురు గిన్నె కింద పడింది. స్టూలు చప్పుడు తన చెవికే వినబడుతుందనుకుంది ఇన్నాళ్ళూ.

ఊళ్ళో మంచిమాట గడప దాటేలోపు పుకారు ఊరు చుట్టి వస్తుంది. వారం తిరక్కుండా ‘దెయ్యం పుస్తకం’ కోసం జనం వరస కట్టారు. అభిప్రాయాలు కూడా రాశారు. “దెయ్యం కోసం తీసుకున్నా. రాలేదు.” “మా ఆవిడ భయపడింది, నేను కాదు.” “దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. కలలోకి కనీసం కుర్చీ అయినా రాలేదు.” పుస్తకంలో ఏముందో ఒక్కరూ రాయలేదు. రాత్రికి దిండు కింద, పగటికి అలమరాలో, అంతే దాని బతుకు. అట్టలమ్మ ఆ రాతలు చూసి ఒక్కొక్కరినీ మనసులో కడిగి ఆరేసింది.

ఆ వరసలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకరున్నారు. ఆయనకు దెయ్యాలమీద నమ్మకం లేదు, తప్పుల మీద ఉంది. పుస్తకం తిరిగిస్తూ వెనకాల చిన్న అక్షరాలతో రాశారు: “ఇరవై ఆరు అభిప్రాయాలూ చూశాను. ఒక్కరికీ ఒక లోపం కనపడలేదు. ఒక్కరూ కథలోని ఒక్క సంగతి చెప్పలేదు. కాబట్టి ఈ పుస్తకాన్ని ఇంతవరకు ఎవరూ చదవలేదని తేలుతున్నది.”

అట్టలమ్మ ఆ మాటలు నిలబడే చదివింది. చదివి కూర్చుంది. మాస్టారు తెలియక రాసినా తమ్ముడే రాయించినట్టుంది. ఎవరూ చదవలేదు. పదకొండేళ్ళు అదే అడుగుతున్నాడు వాడు, తనేమో ఇరవై ఆరుసార్లు అదే పాత అబద్ధం చెప్పింది. ఆ రోజు మూడింటికి స్టూలు కిర్రుమన్నప్పుడు ఆమెకు మొదటిసారి భయమేసింది.

మర్నాడు లైబ్రేరియన్ పిలిచింది. బల్లమీద నీలం అట్ట పుస్తకం.

“అమ్మా, ఈ అభిప్రాయాల కాగితాలు ఎవరి దగ్గరుంటాయి?”

“నా దగ్గరే మేడం.”

“అంటించేది?”

“నేనే.”

గుమ్మం దగ్గర అటెండరు చెవులు రిక్కించి నిలబడ్డాడు. దెయ్యం అని ఒక్క మాట అంటే సాక్ష్యానికి అతను సిద్ధం. ఊరంతా నమ్మింది, ఇంకొకరు నమ్మడానికి అడ్డేముంది? అట్టలమ్మ మింగలేక కక్కలేక కాసేపు గింజుకుని, అతణ్ణి బయటికి పంపించమంది. తలుపు వేశాక చెప్పింది.

“ఇరవై ఆరూ నేనే రాశాను మేడం. సైన్యమాయన నేనే, కొత్త పెళ్ళికూతురూ నేనే. పుస్తకం మా తమ్ముడిది. తీసేస్తే నేనే ఒలవాలి. నా వల్ల కాదు.”

లైబ్రేరియన్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చాలాసేపు తుడిచింది.

“ఇవన్నీ చింపేయాలమ్మా” అంది చివరికి. “దెయ్యం కోసం రాసినవి కూడా నేను లెక్కలోకి తీసుకోలేను. శనివారం కమిటీ ఉంది. ఈలోగా నిజంగా చదివినవాళ్ళు రాసింది ఒక్కటుంటే పుస్తకం ఉంటుంది. లేకపోతే మీ బల్లమీదికి వస్తుంది. నేనేమీ చేయలేను.”

“నేను రాయొచ్చా?”

“సభ్యత్వం ఉందా?”

“మీరు పుట్టకముందు నుంచీ ఉంది.”

“అయితే చదివి రాయండి. పొగడమని అనట్లేదు, చదివి రాయమంటున్నాను. ఈసారి కుడిచేత్తో, మీ పేరుతో.”

గురువారం మధ్యాహ్నం పాత కాగితాలు ఆవిరి పట్టి ఊడదీసి, కొత్త కాగితం అంటించింది. అలవాటైన చెయ్యి ఆగుతుందా, ‘చాలా’ అని రాసేసింది. కొట్టేసింది. స్టూలు కిర్రుమంది. వాడు వచ్చాడు.

“ఉండరా, చదువుతున్నా” అంది గట్టిగా, మొదటిసారి వాడితో మాట్లాడుతూ. “మధ్యలో కదిలించకు.”

ఎవరో ముక్కూమొహం తెలియనివాడు రాసిన పుస్తకం అనుకుని మొదలుపెట్టింది. కుర్చీ రాసిన సెలవు చీటీ దగ్గర నవ్వొచ్చింది. ‘నడుము నొప్పి కారణంగా’ అని రాసిందది. మంగలి కొట్టులో తిరిగే కుర్చీ దీన్ని చూసి టెక్కు పోయినప్పుడు ఇంకా నవ్వొచ్చింది. తర్వాత బస్సెక్కింది కుర్చీ. తొమ్మిది పేజీలపాటు దిగలేదు. కండక్టరుతో వాదన, ప్రయాణికులతో వాదన, ‘నాలుగు కాళ్ళున్నా నిలబడక తప్పదా’ అన్న జోకు ఒకసారి, మళ్ళీ ఒకసారి, మళ్ళీ. అట్టలమ్మకు ఆవలింత వచ్చింది. ఇంకో ఆవలింత వచ్చింది. తమ్ముడు ఎదురుగా కూర్చుని చూస్తుండగా, వాడి పుస్తకం మీద తల పెట్టుకుని ఆమె నిద్రపోయింది.

లేచేసరికి నాలుగు దాటింది. సిగ్గుతో చచ్చిపోయింది. వాడు కదలకుండా అక్కడే ఉన్నట్టు తెలుస్తూనే ఉంది. మొహం కడుక్కుని వచ్చి మిగతాది అందుకుంది. అరవై రెండో పేజీలో, మడతలో దాక్కుని ఉండిన పేజీలో, కుర్చీ ఆసుపత్రి వరండాలోకి వస్తుంది. జనం నిండి ఉంటారు. మందు సీసా పట్టుకున్న ఒక ముసలామె లేచి, తన చోటు దానికిస్తూ అంటుంది: “నీ కథలన్నీ తర్వాత చెబుదువుగానీ, ముందు కూర్చో.”

అట్టలమ్మ అక్కడే ఆగిపోయింది. ఆ మాట తనది. మీటర్లు చూసి చూసి వాడు ఇంటికి రాగానే, చెప్పులు విప్పకుండానే ఏదో కథ మొదలుపెడితే, అన్నం గిన్నె పెడుతూ తను రోజూ అనే మాట. ఇన్నేళ్ళు చదివి కూడా పోల్చుకోలేదు. ఏడుపు అడ్డమొచ్చి ఏ అక్షరమూ చూడలేదు గనక.

చాలాసేపు కలం కదల్లేదు. తర్వాత కదిలింది. రాసి, స్టూలువైపు తిరిగి పైకి చదివింది.

“మొదట్లో బాగా నవ్వొచ్చింది. బస్సు ప్రయాణం సాగదీశాడు, నాకు నిద్రపట్టింది, అబద్ధం చెప్పను. నాలుగు కాళ్ళ జోకు ఒక్కసారి చాలు. ఆసుపత్రి దగ్గర ముసలామె మంచి మనిషి. నిజానికి అంత మంచి మనుషులు ఉండరు. ఇది మొదటి పుస్తకంలా ఉంది. ఈ రాసినవాడు ఇంకో రెండు రాస్తే మూడోది గొప్పగా ఉండేది.”

కింద పేరు పెట్టింది. హాజరు పట్టీలోంచి ఆ పేరు బయటికి రావడం అదే మొదలు.



“బస్సు సంగతి నాకూ అనుమానంగానే ఉందక్కా” అన్నాడు తమ్ముడు.

స్టూలు కిర్రుమంది.

శనివారం కమిటీలో పుస్తకం నెగ్గింది. లెక్కల మాస్టారు అట్టలమ్మ రాసింది చదివి, పుస్తకాన్ని మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళి, నాలుగు రోజులకు తెచ్చిచ్చారు. “బస్సు విషయంలో పై పాఠకురాలితో ఏకీభవిస్తాను. మంగలి కొట్టు విషయంలో ఏకీభవించను, అక్కడా రెండు పేజీలు ఎక్కువే” అని రాశారు. ఆయన తర్వాత టైలరింగు నేర్పే ఆవిడెవరో తీసుకుని మాస్టారితో పేచీ పెట్టుకుంది, మంగలి కొట్టే అన్నిటికన్నా బాగుందని. లైబ్రేరియన్ ఆ కాగితం చూపించి, “చూశారా అమ్మా, ఇప్పుడు నిజంగా చదువుతున్నారు” అంది. అట్టలమ్మకు తమ్ముడితో చెప్పాలని ప్రాణం కొట్టుకుపోయింది. మూడింటి దాకా ఆగింది.

వాడు రాలేదు.

ముందు రోజూ రాలేదు, అంతకుముందు కూడా రాలేదు, నిజానికి ఆ గురువారం లేచి వెళ్ళాక మళ్ళీ రాలేదు. పనుల్లో పడి గమనించలేదనుకుంది. మర్నాడు సూది పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మూడైంది. మూడుంపావు అయింది. హాలులో ఎవరో దగ్గారు. స్టూలు కొయ్యముక్కలా కిక్కురుమనలేదు.

“కోపమొచ్చిందా?” అంది.

ఏమీ లేదు.

“నిద్రపోయినందుకా? మళ్ళీ చదువుతాన్రా. బస్సు కూడా బాగానే ఉందిలే. బాగుందని రాస్తాను, రా.”

పదకొండేళ్ళుగా వాడు ఒక్క జవాబు కోసం వచ్చాడు. జవాబు దొరికిందాకే వచ్చాడు. తను నోరు విప్పనన్నాళ్ళూ వాడు రోజూ మూడింటికి ఎదురుగా ఉన్నాడు, నిజం చెప్పిన రోజునే లేచి వెళ్ళిపోయాడు. వాడి ప్రశ్నంటే వేళ్ళు చల్లబడిపోయేవే, మరి ఆ ప్రశ్న లేకుండా ఈ మధ్యాహ్నాలు ఎలా గడపాలో ఆమెకు తెలియలేదు. వాడు పోయిన రోజున పనులు చూసుకుందే గానీ ఏడవలేదు. ఆ తర్వాత పుస్తకం మీద ఏడ్చిందంతా తన తప్పు కోసం ఏడ్చింది. ఇప్పుడు మాత్రం గుండెలోంచి తన్నుకొచ్చింది. బల్లమీద పడి, అట్టలూ దారాలూ చెదిరిపోయేలా, హాలులో కునుకు తీసేవాళ్ళు ఉలిక్కిపడి లేచేలా ఏడ్చింది.

అటెండరు టీ గ్లాసుతో పరుగెత్తుకొచ్చాడు.

“ఏమైందమ్మా? ఏం జరిగింది?”

“మా తమ్ముడు పోయాడయ్యా.”

“అయ్యయ్యో! ఎప్పుడమ్మా?”

“ఇవాళే” అంది అట్టలమ్మ.